నిలోఫర్ షహజాదీ: ఒక కాన్పు చావు, ఒక దవాఖానా

అనంతగిరి మండలంలో ఏ ఊళ్లోనైనా పసిపిల్ల పాలు తాగడం మానేసిందంటే, ఊపిరి ఎగబోస్తోందంటే ముందు కోదాడ తీసుకుపోతారు. అక్కడ కాదంటే సూర్యాపేట. సూర్యాపేటలో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీ ఉంది, చాలా కేసులు అక్కడే బాగై ఇంటికి వస్తున్నాయి. అయినా విషయం చెయ్యి దాటుతోందని అనిపించగానే ఇంట్లో నానీలు, దాదీలు ఇంకా ఒకే పేరు చెబుతారు. నిలోఫర్‌కు తీసుకుపొమ్మంటారు. కోదాడ నుంచి నూట డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పిల్లను చున్నీలో చుట్టుకుని, ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ హైవే మీద పోయిన తల్లులు ఈ ప్రాంతంలో ఎందరో.

నిలోఫర్ అంటే మనకు దవాఖానా. ఈ మధ్య సిటీకి పోయి వచ్చే కుర్రాళ్లకైతే అది చాయ్ పేరు. రెడ్‌హిల్స్‌లో దవాఖానా దగ్గర పెట్టిన హోటల్ కాబట్టి దానికా పేరు వచ్చింది. ఫారసీలో నిలోఫర్ అంటే కలువ పువ్వు. కానీ అంతకు ముందు అది ఒక మనిషి పేరు. ఇస్తాంబుల్‌లో పుట్టి, హైదరాబాద్‌కు కోడలిగా వచ్చి, పిల్లలు లేకుండానే వెళ్లిపోయిన ఒక షహజాదీ పేరు.

ఆమె గురించి రాసేవాళ్లు ఎక్కువగా అందం గురించి రాస్తారు. చీరల గురించి, ఫోటోల గురించి రాస్తారు. దవాఖానా సంగతి చివర్లో రెండు లైన్లలో ముగుస్తుంది. నిజానికి లెక్క తిరగబడాలి.

నిలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లోని గోజ్‌తెపెలో పుట్టారు. తల్లి ఆదిలే సుల్తాన్ ఉస్మానియా ఖాందాన్ ఆడపడుచు. 1876లో మూడు నెలలు మాత్రం తఖ్తు మీద కూర్చున్న సుల్తాన్ ఐదో మురాద్‌కు ఆమె మనవరాలు. తండ్రి సలాహుద్దీన్ అలీ బే. నిలోఫర్‌కు మూడేళ్లు నిండకముందే, 1918 చివర్లో ఆయన ఇంతెకాల్ అయ్యారు. అంటే తండ్రి ముఖం కూడా సరిగా గుర్తుండని వయసులోనే యతీమ్ అయిన పిల్ల.

గోజ్‌తెపె ఇస్తాంబుల్‌లో ఆసియా ఒడ్డున ఉంటుంది. అదే ఒడ్డున, కొద్ది దూరంలోనే ఉస్కుదార్‌లో సెలిమియే అనే పెద్ద సైనిక బ్యారక్ ఉంది. క్రిమియా యుద్ధం రోజుల్లో, 1854లో ఫ్లారెన్స్ నైటింగేల్ తన నర్సులతో వచ్చి దిగింది అక్కడికే. అప్పట్లో ఆ ఆసుపత్రిలో సిపాయిలు తూటా దెబ్బలకన్నా ఎక్కువగా విరేచనాలకు, టైఫస్‌కు చచ్చిపోయేవాళ్లు. 1855 ఫిబ్రవరిలో చేరిన ప్రతి వంద మందిలో 42 మంది దాకా ప్రాణాలు వదిలారు. మురికి కాలువలు శుభ్రం చేయించి, గాలి వచ్చేలా చేసి, గుడ్డలు ఉతికించాక కొద్ది నెలల్లో ఆ లెక్క రెండుకు దిగింది. కొత్త మందు ఏదీ రాలేదు. శుభ్రతే మందు అయింది.

మన ఇళ్లలో నర్సు పని అనగానే కొందరు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. వాళ్లు హజ్రత్ రుఫైదా అస్లమియా రజియల్లాహు అన్హా సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. మదీనాలో మస్జిదె నబవి దగ్గర ఆమె ఖైమా ఉండేది. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్‌ను రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆ ఖైమాలోనే ఉంచమన్నారు. నైటింగేల్‌కు పన్నెండు వందల ఏళ్ల ముందు మాట ఇది. గాయానికి కట్టు కట్టడం ఆడవాళ్ల ఖిద్మత్‌గా మన తారీఖులో మొదటి నుంచే ఉంది.

నిలోఫర్‌కు ఎనిమిదేళ్లప్పుడు, 1924 మార్చిలో తుర్కీ ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దు చేసింది. ఉస్మానియా ఖాందాన్ మొత్తాన్ని దేశం విడిచి పొమ్మంది. తల్లీకూతుళ్లు ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణం చేరారు. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూడా ఆ ఊళ్లోనే స్థిరపడ్డారు. ఆయనకు నెలకు 300 పౌండ్ల పెన్షన్ పంపింది మన హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆ బంధమే తర్వాత పెళ్లి బంధం అయింది. ఖిలాఫత్ ఉద్యమంలో పేరున్న మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిగా నిలబడి సంబంధాలు కుదిర్చారు.

1931 నవంబర్ 12న నీస్‌లో రెండు నిఖాలు జరిగాయి. ఖలీఫా కూతురు దుర్రు షహ్వార్‌కు నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో, నిలోఫర్‌కు రెండో కొడుకు మొఅజ్జం జాతో. నిలోఫర్‌కు అప్పటికి పదహారేళ్లు నిండలేదు. డిసెంబర్‌లో ఓడ ఎక్కి హిందుస్తాన్ బయలుదేరారు. లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని తిరిగొస్తున్న గాంధీజీ కూడా ఆ ఓడలోనే ఉన్నారని చెబుతారు.

హైదరాబాద్‌లో కొత్త జంట హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో కాపురం పెట్టింది. భర్త మొఅజ్జం జా సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అధ్యక్షుడు, ఉర్దూ షాయర్ కూడా. మొఅజ్జంజాహీ మార్కెట్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. నిలోఫర్ ఇక్కడి చీరకట్టు నేర్చుకున్నారు. పరదా లేకుండా సభలకు, ఆటలపోటీలకు, స్కూలు ఫంక్షన్లకు వెళ్లేవారు. అప్పటి జమానాలో అది పెద్ద మాటే. నిజాం స్వయంగా కోడళ్లను వెంటబెట్టుకుని తిరిగారు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. పత్రికలు ఆమెను ప్రపంచంలోని అందగత్తెల జాబితాలో రాశాయి. బొంబాయిలో ప్రత్యేకంగా ఎంబ్రాయిడరీ చేయించిన చీరలు ఆమె గుర్తుగా మారిపోయాయి.

కానీ ఇంట్లో ఒక వెలితి ఉండిపోయింది. తోటికోడలు దుర్రు షహ్వార్‌కు 1933లో ముకర్రం జా, 1939లో ముఫఖం జా పుట్టారు. నిలోఫర్ ఒడి నిండలేదు. యూరప్ పోయి డాక్టర్లకు చూపించుకున్నారు. ఫలితం లేదు. పిల్లలు కాని కోడలికి మన సమాజంలో ఎలాంటి చూపులు ఎదురవుతాయో ఈ పేజీ చదివే ఆడవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏ షాదీకి పోయినా, ఏ అఖీఖాకు పోయినా అదే ప్రశ్న. కోటలో ఉన్నా, కొత్తపేటలో ఉన్నా దాంట్లో తేడా తక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ కాలంలో నిలోఫర్ నర్సుగా ట్రైనింగ్ తీసుకుని సహాయ పనుల్లో దిగారు. ఆమె జీవితంలో అందరూ దాటేసే సంగతి ఇదే. తర్వాత జరిగినదానికి మాత్రం ఇక్కడే మూలం దొరుకుతుంది. అప్పటి నర్సు ట్రైనింగ్ అంటే ఫోటోకు తెల్ల గౌను వేసుకుని నిలబడటం కాదు. పనిముట్లు ఎంతసేపు మరగబెట్టాలి, గాయం కట్టు ఎలా విప్పాలి, చీము పట్టిన గుడ్డను ముట్టుకున్న చేత్తో ఇంకో మనిషిని ఎందుకు ముట్టుకోకూడదు, గంట గంటకూ నాడి, జ్వరం ఎలా రాసిపెట్టాలి అనేవి నేర్పేవాళ్లు. సల్ఫా మందులు అప్పటికే వచ్చాయి. యుద్ధం ముగిసే నాటికి పెన్సిలిన్ వచ్చింది. గాయం కుళ్లి మనిషి చచ్చిపోవడం తప్పదనుకున్న పాత నమ్మకం అక్కడ కూలిపోయింది. ఏ ప్రాణాన్ని కాపాడొచ్చు, ఏది నిజంగా చేతిలో లేదు అనే తేడా తెలిసే చోటు నర్సింగ్ వార్డు.

హైదరాబాద్‌కు వైద్యం కొత్త కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే, 1888, 1889ల్లో రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు రోగి గుండె ముందు ఆగుతుందా, ఊపిరి ముందు ఆగుతుందా అని డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ ప్రయోగాలు చేయించారు. లండన్ నుంచి నిపుణుణ్ణి రప్పించడానికి నిజామే పైసలు ఇచ్చారు. ఆడవాళ్లకు విక్టోరియా జనానా దవాఖానా ఉంది. దానికి 1906లో పునాది రాయి పడింది. పాతబస్తీ జనం దాన్ని జజ్జిఖానా అంటారు. మూసీ ఒడ్డున ఉస్మానియా పెద్ద దవాఖానా కూడా లేచింది. ఇంత ఉన్నా కాన్పు మాత్రం ఎక్కువ ఇళ్లలో ఇంటి లోపలి గదిలోనే, దాయి చేతుల మీదే జరిగేది.

దాయిని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. మన ఊళ్లలో హిందువులకైనా, ముసల్మానులకైనా మంత్రసాని ఒక్కతే ఉండేది. బిడ్డ అడ్డం తిరిగితే కడుపు మీద చెయ్యి వేసి చెప్పగలిగేది. బాలింతకు వేడినీళ్లు పోసి, కాపడం పెట్టి, చంటిదాన్ని కాళ్ల మీద వేసుకుని నలుగు పెట్టేది. నూటికి ఎనభై తొంభై కాన్పులు ఆమె చేతిలో సాఫీగా గడిచిపోయేవి. మిగిలినవాటి దగ్గరే కథ మారేది. కాన్పు తర్వాత మావి పడక రక్తం ఆగకుండా పోతుంటే ఆమె దగ్గర మందు లేదు. గర్భిణికి కాళ్లు చేతులు వాచి, తలనొప్పి లేచి, ఫిట్స్ వస్తే దాన్ని గుర్రపువాతం అనేవారు. ఎవరో ఎక్కించిన దయ్యం అని తావీజ్ కట్టేవారు. కొడవలితోనో, వెదురు పేడుతోనో బొడ్డు కోస్తే వారం తిరిగేలోపు పిల్లకు దవడలు బిగుసుకుపోయేవి. అది ధనుర్వాతం అని ఎవరికీ తెలిసేది కాదు. నాలుగో రోజో, ఐదో రోజో బాలింతకు చలిజ్వరం వచ్చేది, పదో రోజుకు జనాజా లేచేది. చేతులు శుభ్రంగా కడుక్కుంటే ఈ బాలింత జ్వరం తగ్గుతుందని వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ 1847లోనే తేల్చారు. వందేళ్ల తర్వాత కూడా ఆ మాట మన గడప దాకా రాలేదు.

ఎంతమంది పోయేవారు? 1946లో భోర్ కమిటీ బ్రిటిష్ ఇండియా గురించి ఇచ్చిన రిపోర్టులో వెయ్యి కాన్పులకు 20 మంది తల్లులు చనిపోతున్నారని అంచనా కట్టింది. యాభై కాన్పులకు ఒక తల్లి. ఒక మాదిరి ఊళ్లో ఏడాదికి యాభై కాన్పులు అవుతాయనుకుంటే, ప్రతి ఏడూ ఆ ఊళ్లో ఒక ఇంట్లో తల్లి లేని పిల్లలు మిగులుతారన్న మాట. ముసలివాళ్లను అడిగితే మొదటి భార్య పురిట్లో పోతే రెండో నిఖా చేసుకున్న తాతయ్య ప్రతి ఖాందాన్‌లోనూ ఒకరు తేలతారు.

ఆ యాభైలో ఒకరి పేరు మనకు తెలుసు. రఫతున్నిసా బేగం. నిలోఫర్ దగ్గర పనిచేసే ఆడమనిషి. 1949లో కాన్పు కష్టమై, సరైన వైద్యం అందక ఆమె చనిపోయారు.

అప్పటి పరిస్థితి కూడా చూడాలి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది తిరిగిన రోజులు. నిజాం హుకూమత్ పోయింది. నల్లగొండ జిల్లాలో, సూర్యాపేట పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది. ఎన్నో ముస్లిం ఇళ్లలో మగవాళ్లు తిరిగిరాలేదు. నిలోఫర్ సొంత కాపురం కూడా చెదిరింది. భర్త 1948లో ఇంకో పెళ్లి చేసుకున్నారు. ఆస్తి, హోదా, భవిష్యత్తు ఏదీ గట్టిగా చేతిలో లేని సమయం. అలాంటప్పుడు ఇంట్లో పనిచేసే ఒక మనిషి చనిపోతే కొన్ని పైసలిచ్చి, ఫాతిహా చదివించి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

కాన్పులో చనిపోయిన స్త్రీకి షహాదత్ దర్జా ఉందని హదీసు మనకు చెబుతుంది. ఆ మాట ఎన్ని ఇళ్లకు తసల్లీ ఇచ్చిందో లెక్కలేదు. అది పోయినవాళ్లకు అల్లాహ్ ఇచ్చే ఇజ్జత్. అయితే ఆ మాటను బతికున్నవాళ్లు తమ నిర్లక్ష్యానికి ముసుగుగా వాడుకోవడం కూడా ఉంది. రాత్రంతా నొప్పులు పడుతుంటే బండి కట్టకుండా, మగ డాక్టర్ చూస్తాడని ఆపేసి, తెల్లారి షహీద్ అయిందని చెప్పుకున్న ఇళ్లు ఉన్నాయి. ఇన్నా లిల్లాహి అని చదవడం ఒక బాధ్యత, అంతకు ముందు దవాఖానాకు చేర్చడం ఇంకో బాధ్యత.

నిలోఫర్ ఆ రెండో బాధ్యత దగ్గర నిలబడ్డారు. ఇంకో రఫత్ ఇలా పోకూడదని పట్టుబట్టారు. మామగారి దగ్గరకు వెళ్లి ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా ఒక ఆసుపత్రి కావాలని ఒప్పించారు. నిజాం ఖర్చు విషయంలో ఎంత గట్టి మనిషో హైదరాబాద్ అంతటికీ తెలుసు. ఆయన పీనాసితనం మీద ఇప్పటికీ కిస్సాలు చెప్పుకుంటారు. కానీ ఈ పనికి ఆయన కాదనలేదు. రెడ్‌హిల్స్‌లో కట్టడం లేచింది. 1953లో 100 పడకలతో నిలోఫర్ దవాఖానా పని మొదలుపెట్టింది.

అక్కడ దొరికిన వైద్యం పెద్ద మాయ ఏమీ కాదు. రక్తం ఆగకపోతే గర్భసంచిని బిగించే ఎర్గోమెట్రిన్ సూది అప్పటికే ఉంది. పోయిన రక్తానికి బదులు ఇంకొకరి రక్తం ఎక్కించడం వచ్చేసింది. జ్వరానికి పెన్సిలిన్, ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్ ఉన్నాయి. బిడ్డ అడ్డం తిరిగితే సిజేరియన్ ఉంది. యూరప్‌లో ఇవన్నీ అమలై తల్లుల చావులు దిగిపోతున్న కాలమది. ఇక్కడ కొరత మందులకు కాదు. మందు, సూది, నర్సు, రక్తం, ఆపరేషన్ బల్ల రాత్రి రెండింటికి కూడా ఒకే కప్పు కింద సిద్ధంగా ఉండటం, అక్కడికి పేద మనిషి జేబు తడుముకోకుండా రాగలగడం, కొరత వీటికే. పుట్టిన పిల్లను తల్లి పక్కనే ఉంచి చూసే పిల్లల డాక్టర్ ఉండటం ఇంకో పెద్ద సంగతి. అప్పటిదాకా పసిపిల్లలకు విడిగా వైద్యం అనే ఆలోచనే మన దగ్గర తక్కువ. తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ విద్యార్థులు పిల్లల వైద్యం నేర్చుకునే చోటు ఇదే అయింది. తెలుగు రాష్ట్రాల్లో పేరున్న పిల్లల డాక్టర్లలో ఎంతోమంది ఈ వార్డుల్లో తిరిగి నేర్చుకున్నవాళ్లే.

ఇక్కడ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. నిలోఫర్‌కు, మొఅజ్జం జాకు 1952లో తలాఖ్ అయింది. దవాఖానా తెరిచింది 1953లో. అంటే తలుపులు తెరిచే నాటికి ఆమె ఆ ఇంటి కోడలు కాదు. పేరు మార్చాలనుకుంటే ఎవరు అడిగేవారు? నిజాం ఖాందాన్‌లో పేరు పెట్టడానికి మనుషులు తక్కువా? అయినా ఆమె పేరే నిలిచింది. ఇంటి నుంచి వెళ్లిపోయిన కోడలి పేరు ఇంటి గోడల మీంచి చెరిపేయడం మామూలుగా మనం చూసేది. ఈ ఒక్క విషయంలో హైదరాబాద్ పెద్ద మనసు చూపించిందనే చెప్పాలి.

ఆ తర్వాత జీవితం పారిస్‌లో గడిచింది.  సినిమాల్లో నటించమని వచ్చిన అవకాశాలను నిలోఫర్ ఒప్పుకోలేదంటారు. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను పెళ్లి చేసుకున్నారు. 1989 జూన్ 12న పారిస్‌లో కన్నుమూశారు. పారిస్ శివారు బొబిన్యీలోని ముస్లిం ఖబ్రస్తాన్‌లో తల్లి పక్కనే దఫన్ చేశారు. పుట్టిన దేశం చిన్నప్పుడే వెళ్లగొట్టింది, మెట్టిన రాజ్యం లేకుండా పోయింది, మట్టి మాత్రం మూడో దేశంలో రాసిపెట్టి ఉంది. ఆమె చీరలు కొన్ని న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మ్యూజియానికి చేరాయి. ఫ్యాషన్ చదివే పిల్లలకు వాటిని చూపిస్తారు.

తోటికోడలు దుర్రు షహ్వార్ పేరుతో కూడా పాతబస్తీలో, పురానీ హవేలీ దగ్గర పిల్లల ఆసుపత్రి ఉంది. రాజ్యం పోగొట్టుకున్న ఒక ఖాందాన్ నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లల పేర్లు హైదరాబాద్‌లో పిల్లల దవాఖానాల మీదే నిలవడం గమనించాల్సిన సంగతి. మన అబ్బాయిలకు ఉస్మానియా సల్తనత్ సీరియళ్లు తెలుసు, కత్తులు, గుర్రాలు తెలుసు. ఆ వంశపు ఆడబిడ్డ చేసిన పని రెడ్‌హిల్స్‌లో ఉందని చాలామందికి తెలియదు.

నిలోఫర్ దవాఖానాలో అన్నీ బాగున్నాయని చెబితే అబద్ధం అవుతుంది. 100 పడకలతో మొదలైనది ఎన్నో రెట్లు పెరిగింది, అయినా జనానికి చాలడం లేదు. సీజన్ జ్వరాలు వచ్చినప్పుడు ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలను పడుకోబెట్టిన ఫోటోలు పేపర్లలో చాలాసార్లు వచ్చాయి. 2017 ఫిబ్రవరిలో సిజేరియన్ తర్వాత కొద్ది రోజుల తేడాతో కొందరు బాలింతలు అక్కడే చనిపోయారు. పెద్ద గొడవ అయింది, సర్కారు విచారణ వేసింది. ఏ చావును ఆపడానికి ఆ కట్టడం లేచిందో ఆ చావే దాని లోపల జరగడం చిన్న విషయం కాదు. పేరు గొప్పదని తప్పు మాఫీ కాదు. నర్సులు తక్కువై, ఒక్కొక్కరి మీద పదుల మంది రోగులు పడితే నైటింగేల్ నాటి శుభ్రత అయినా, గంట గంటకూ నాడి చూడటమైనా సాగవు.

మిగతా లెక్కలు మాత్రం చాలా మారాయి. 2018-20 సర్వే ప్రకారం తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది తల్లులు చనిపోతున్నారు. భోర్ కమిటీ అంచనాను అదే లెక్కలోకి మారిస్తే లక్షకు 2,000. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నట్టు తేలింది. అదే సర్వేలో ఇంకో అంకె కూడా ఉంది. నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లు, దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. ఒకప్పుడు ఆపరేషన్ అందక పోయారు. ఇప్పుడు అవసరం ఉన్నా లేకున్నా, ముహూర్తానికో, బిల్లుకో ఆపరేషన్ అవుతోంది. కోదాడలో అయినా, సూర్యాపేటలో అయినా కోడలిని కాన్పుకు తీసుకుపోయే ఇంటివాళ్లు ఆపరేషన్ ఎందుకని డాక్టర్‌ను అడగడంలో తప్పులేదు. అలాగే నిజంగా కావాల్సి వస్తే, మగ డాక్టరా, ఆడ డాక్టరా అని గుమ్మంలో పంచాయితీ పెట్టకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు షరీఅత్‌లో వెసులుబాటు ఉందని ఉలమాలు స్పష్టంగానే చెబుతున్నారు.

రఫతున్నిసా ఏ ఊరి మనిషి, బిడ్డ బతికిందా, భర్త ఎవరు అనే సంగతులను చరిత్ర రాసినవాళ్లు పట్టించుకోలేదు. పనిమనిషి కదా. నిలోఫర్ ఫోటోలు వందల్లో ఉన్నాయి, రఫతున్నిసాది ఒక్కటి కూడా ఎక్కడా కనిపించదు. రెడ్‌హిల్స్ దవాఖానా ముందు రాత్రిపూట దుప్పట్లు పరుచుకుని పడుకునే జనంలో నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లుంటారు. బుర్ఖా వేసుకున్న నానీలు, గోచీకట్టు అవ్వలు ఒకే చెట్టు కింద అన్నం డబ్బాలు విప్పుకుంటారు. లోపల మంచం మీద ఉన్నది కూతురో, కోడలో, మనవరాలో అయి ఉంటుంది. తెల్లవారుజామున నర్సు బయటికి వచ్చి పేరు పిలవగానే అందరూ ఒక్కసారి లేచి నిలబడతారు.